దీపం ఆరని పాతర

ఇకమీదట రాష్ట్రంలో ఎవరూ సైన్సు బోధించరాదని ఉత్తర్వు వచ్చింది.

బోధించరాదంటే మానెయ్యమని కాదు. చెప్పాలి. కాకపోతే కథగా చెప్పాలి. పై ఆఫీసులో ఒక పెద్దాయన ఎక్కడో చలిదేశంలో సదస్సుకు వెళ్ళాడు. అక్కడెవరో ఒక పాలవాడి కథ చెప్పి, దాంతోపాటే సూక్ష్మజీవుల పాఠం నేర్పేశారట. వింటూ వింటూ ఈయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. విమానం దిగేసరికి కన్నీళ్ళు ఆరాయి గాని ఆలోచన ఆరలేదు. నెల తిరక్కుండా 'కథామృత విజ్ఞాన పథకం' పుట్టుకొచ్చింది.

పథకానికి నియమాలు మూడు. మొదటిది: ప్రతి పాఠానికీ ఒక వాస్తవ గాథ ఉండవలెను, కల్పన పనికిరాదు, గాథలోని వ్యక్తిని తనిఖీ అధికారులు కోరినచో ప్రత్యక్షముగా చూపవలెను. రెండోది: ఆ వ్యక్తి నాయకుడో నాయికో అయి ఉండవలెను. మూడోది: కథ శుభాంతము కావలెను. పాఠంలో సైన్సు ఎంత ఉండాలన్నదానికి మాత్రం నియమం లేదు. అది ఉపాధ్యాయుడి ఇష్టానికి వదిలేశారు.

గుండ్లమోటు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పే కోటిలింగం మాస్టారు ఆ ఉత్తర్వు చదివి, మడిచి, ఊగుతున్న బల్ల కాలికింద పెట్టాడు. బల్ల ఊగడం మానేసింది. ఆ ఉత్తర్వువల్ల జరిగిన మేలు అదొక్కటే.

మాస్టారు మాట తక్కువ మనిషి. భార్య పున్నమ్మ పోయినప్పటినుంచీ మరీ తక్కువ. పాఠం కూడా అంతే. కొవ్వొత్తి వెలిగించేవాడు, గ్లాసు బోర్లించేవాడు, ఆరిపోయేదాకా పిల్లల్ని చూడనిచ్చేవాడు. "ఎందుకు ఆరింది?" అని అడిగి, జవాబు వచ్చేదాకా నోరు విప్పేవాడు కాదు. ఒక్కోసారి జవాబు మర్నాడు వచ్చేది. ఆయనకు తొందర లేదు. ఇంట్లో ఎదురుచూసేవాళ్ళు లేరు.

శిక్షణ మండల కేంద్రంలోని కల్యాణ మండపంలో జరిగింది. ముందురోజు పెళ్ళికి కట్టిన పూలు ఇంకా తియ్యలేదు. శిక్షణ ఇవ్వవచ్చినవారు డాక్టర్ విరూపాక్షరావు, రాష్ట్ర కథాబోధనా సమన్వయాధికారి. ఆయన ఎందులో డాక్టరో ఎవరూ అడగలేదు.

"మిత్రులారా! సైన్సు అభ్యసనానికి ప్రధాన అవరోధం ఏమిటి? విషయం! విషయ భారం కింద బాల్యం నలిగిపోతున్నది. మనం విషయాన్ని కనిష్ఠ స్థాయికి కుదించి, అనుభూతిని గరిష్ఠ స్థాయికి పెంపొందించవలసియున్నది."

ఆ మాటమీద మచ్చుకు గురుత్వాకర్షణ పాఠం చెప్పాడు. పండు నెత్తిన పడ్డ దొర కథ పనికిరాదన్నాడు. ఆ పండు మన నేలమీద కాయదు, ఆ దొరను తెచ్చి చూపించలేం. కాబట్టి తాటిచెట్టు. చెట్టుకింద రైతు. పైనుంచి తాటికాయ.

"నెత్తిన పడితే చస్తాడు గదండీ?" వెనక వరసలోంచి కోటిలింగం మాస్టారు అడిగాడు.

"మంచి ప్రశ్న. మూడవ నియమాన్ని అనుసరించి అది పక్కన పడుతుంది. రైతు ఆ కాయను ఇంటికి తీసుకువెళ్ళి, ముంజెలు ఆలుబిడ్డలకు పంచి ఆనందిస్తాడు."

"రాలిన కాయలో ముంజెలుండవండీ. పండుంటుంది."

"అది వృక్షశాస్త్రం. మనం ప్రస్తుతం భౌతికశాస్త్రంలో ఉన్నాం."

"అసలు కాయ ఎందుకు పడిందని పిల్లలడిగితే?"

విరూపాక్షరావు చిరునవ్వు నవ్వాడు. "పడింది కనుకనే కదా కథ జరిగింది!"

మండపమంతా చప్పట్లు. భోజనంలో పూర్ణం బూరెలు కూడా ఉండటంతో శిక్షణ విజయవంతమైనట్టు పేపర్లో వేశారు.

ఊళ్ళో కథలకు గిరాకీ పెరిగింది. సైన్సు గదిని 'కథా మందిరం' చేసి ఎర్ర తెరలు కట్టారు. కథకు అడ్డమని బీరువాలు ఖాళీ చేయించారు. బీకర్లు మధ్యాహ్న భోజనం వండేవాళ్ళకు పోయాయి. వాటితో సాంబారు కొలుస్తున్నారు. సెలూన్ మస్తాన్ బడికొచ్చి నిలదీశాడు: "కాంతి పరావర్తనానికి నన్ను పెట్టుకోకపోతే ఎట్టా సారూ? ఊళ్ళో నిలువుటద్దం ఎవురికాడుంది?" పెట్టుకున్నారు. తనిఖీ రోజున మస్తాన్ కత్తెర పట్టుకుని తరగతి ముందు నిలబడితే పిల్లలు దండం పెట్టారు. మరుగుస్థానానికి టీకొట్టు యజమాని నాయకుడయ్యాడు. అర్ధ సంవత్సర పరీక్షలో ఆయన మీసం ఎటువంటిదో రాయమని ప్రశ్న ఇచ్చారు. నీళ్ళు ఎంత వేడికి మరుగుతాయో అడగలేదు. పిల్లలందరూ పాసయ్యారు.

జడత్వం దగ్గర కాస్త తగువు వచ్చింది. బస్సు ఠక్కున ఆగితే లోపలివాళ్ళు ముందుకు తూలతారు కదా. అలా తూలిపడ్డ నాయకుడు సర్పంచి బావమరిది. సర్పంచి మనుషుల్ని వెంటేసుకుని హెడ్మాస్టరు గదికి వచ్చాడు.

"మా బావమరిది బస్సులో బోర్లా పడ్డాడని పిల్లకాయలకి పాఠం చెప్తారా? రేపు ఆడు ఓట్లకి పోయినప్పుడు ఏ మొకం పెట్టుకుని పోవాలయ్యా?"

హెడ్మాస్టరు ఖాదర్ వలీ గారు రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. "పడకుండా చూద్దాం లెండి" అన్నాడు.

చూశారు. ఆ వారం తొమ్మిదో తరగతి పాఠం ఇలా సాగింది: బస్సు వేగంగా వెళ్తున్నది. డ్రైవరు ఠక్కున ఆపాడు. ఎవరూ కదల్లేదు. అందరూ ఆనందించారు. దీనినే జడత్వం అంటారు.

ఇంత జరుగుతున్నా కోటిలింగం మాస్టారు ఒక్క కథా చెప్పలేదు. మెమో వచ్చింది. రెండోది కూడా వచ్చింది. ఖాదర్ వలీ గారు ఆయన్ని గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు.

"కోటిలింగం గారూ, మీకు దండం పెడతా. ఒక్క కథ చెప్పండి. వాస్తవమైంది. నా పెన్షన్ కాగితాలు పైనున్నాయి."

"నా దగ్గరున్నది ఒక్కటే వాస్తవం సార్."

"అదే చెప్పండి, బాబ్బాబు."

మాస్టారు ఎనిమిదో తరగతికి వెళ్ళాడు. ఆ రోజు దహనం పాఠం.

"పాతర తెలుసుగా?" అన్నాడు.

తెలుసన్నారు. చుట్టుపక్కల ఊళ్ళలో పాతరలన్నీ పూడ్చేశారు. గుండ్లమోటులో మాత్రం పిచ్చయ్య ఇంటి వెనక ఒకటి మిగిలింది. నేలలో మనిషి లోతున గొయ్యి తవ్వి, గడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన బండ మూసి మన్ను కప్పుతారు. పిచ్చయ్య కూతురు మల్లీశ్వరి ఆ తరగతిలోనే ఉంది.

"లోపల మూసిపెట్టిన గింజ కూడా ఊపిరి తీస్తుంది. ఉన్న మంచిగాలి అది తాగేసి చెడ్డగాలి వదుల్తుంది. ఆ గాలి బరువు. బండ తీసినా పైకి రాదు, అడుగునే పడుంటుంది. అందుకని పాతర తీసిన రోజున ముందు దీపం దించుతారు. దీపం ఆరితే మనిషి దిగకూడదు. దీపానికి చాలని గాలి మనిషికీ చాలదు."

పిల్లలు తలలూపారు. మాస్టారు కిటికీవైపు చూస్తూ మిగతాది చెప్పాడు.

"మా ఆవిడ పున్నమ్మ పుట్టింట్లో పాతర ఉండేది. ఒక వానాకాలం, ఇంట్లో గింజల్లేక తీశారు. పున్నమ్మ దీపం వెలిగించి తెచ్చింది. మా అత్తగారు చేతిలోంచి లాక్కుంది. శుక్రవారం పూట, ముత్తైదువ చేతిలో దీపం కొండెక్కితే ఇంటికి అరిష్టమంది. దీపాన్ని గూట్లో పెట్టింది. పున్నమ్మ తమ్ముడు దిగాడు. దిగినవాడు దిగినట్టే కూలబడ్డాడు. వాణ్ణి లేపుదామని పున్నమ్మ దిగింది. పైనున్నవాళ్ళు తాడేశారు. ఆమె వాడి నడుముకు తాడు కట్టింది. వాణ్ణి లాగారు. వాడు బతికాడు. రెండోసారి తాడేస్తే పట్టుకోవడానికి కింద ఎవరూ లేరు."

కిటికీమీంచి చూపు తిప్పి పిల్లలకేసి చూశాడు.

"గూట్లో దీపం మాత్రం ఆరలేదు. తెల్లవార్లూ శుభంగా వెలిగింది."

 మల్లీశ్వరి లేచింది.

"సార్, మా నాయన గూడా దీపం దించడు. టార్చిలైటు ఏసి చూసుకుంటాడు."

"టార్చి ఆరుతుందా?"

ఆ పిల్ల ఆలోచించింది. "ఆరదు సార్. దానికి గాలెందుకు?"

"కూర్చో" అన్నాడు మాస్టారు. ఆయన ఇంతవరకు ఎవరినీ నోరారా మెచ్చుకున్నది లేదు. అది మెచ్చుకోవడమే అని తరగతికి తెలుసు.

ఆ కథను ఖాదర్ వలీ గారు పైకి పంపాడు. పెన్షన్ కాగితాలు కదుల్తాయన్న ఆశ తప్ప పాపం ఆయనకు వేరే దురుద్దేశం లేదు. కాగితాలు కదల్లేదు గాని విరూపాక్షరావు కదిలాడు. పెద్ద కారులో, వెంట బాలల మనోవికాస నిపుణురాలితో సహా, గుండ్లమోటు వచ్చాడు.

"అద్భుతం, మాస్టారూ! రాష్ట్ర స్థాయిలో మీ గాథ ప్రథమంగా ఎంపికైంది. ఇందులో మట్టివాసన ఉంది. ధాన్యం ఉంది. త్యాగం ఉంది. ఒక్క మరణం విషయంలోనే కొద్దిపాటి ఇబ్బంది."

"జరిగింది అదేనండి."

"జరగలేదని ఎవరంటున్నారు? జరిగినదాన్ని శుభాంతంగా సవరించుకుందాం అంటున్నాం."

నిపుణురాలు కళ్ళజోడు సర్దుకుంది. "దీపం ఆరుట కూడా ప్రతికూల సంకేతమే. పసి మనసులో అంధకార భావన నాటుకుంటుంది. దీపం వెలుగుతూ ఉంటే సానుకూలంగా ఉంటుంది."

"దీపం ఆరకపోతే మనిషి ఎట్లా చస్తాడమ్మా?"

"చావడం లేదు కదండీ" అన్నాడు విరూపాక్షరావు ఉత్సాహంగా. "ఇప్పుడు రెండూ అతికినట్టు సరిపోయాయి, చూడండి!"

"తప్పు నేర్పినట్టవుతుంది. ఎవడో ఒకడు దిగుతాడు."

"మాస్టారూ, భయపెట్టి నేర్పడం పాత పద్ధతి."

ఖాదర్ వలీ గారు బల్లకింద మాస్టారి కాలు తొక్కాడు. మాస్టారు కాలు తీసుకోలేదు.

"పోయిన మనిషిని మీరు బతికించలేరండీ."

"పథకం అమల్లో ఉన్నంతవరకు మా ప్రయత్నం మేం చేస్తాం" అన్నాడు విరూపాక్షరావు వినయంగా.

చేశారు. కొత్త వాచకం వచ్చింది. నలభై ఏడో పేజీలో రంగుల బొమ్మ. పాతరలో దీపం సూర్యుడిలా వెలుగుతోంది. పున్నమ్మ పట్టుచీర కట్టుకుని, ఒక చంకన తమ్ముణ్ణి, రెండో చంకన జొన్నబస్తాను పెట్టుకుని నిచ్చెన ఎక్కుతోంది. కింద అక్షరాలు: 'దీపము దేదీప్యమానముగా వెలుగుచుండెను. పున్నమ్మ నిర్భయముగా దిగి తమ్ముని, ధాన్యమును పైకి తెచ్చెను. అందరును జొన్నసంకటి భుజించి ఆనందించిరి. చెప్పినవారు: శ్రీ కోటిలింగం. వీరు సతీసమేతముగా గుండ్లమోటులో నివసించుచున్నారు.'

మాస్టారు ఇది తప్పని పైకి రాశాడు. మూడవ నియమం చూడవలసిందిగా జవాబు వచ్చింది.

ఆ సంవత్సరం పైవాళ్ళకు సిరిధాన్యాల మీద కూడా మోజు పుట్టింది. రెండు మోజులూ కలిసి గుండ్లమోటు మీద పడ్డాయి. 'కథామృత దినోత్సవం' నాడు నలభై ఏడో పేజీని ఉన్నదున్నట్టు ఆడి చూపించాలని తీర్మానం. పాతర పిచ్చయ్యది. పున్నమ్మ వేషం మల్లీశ్వరిది. బండ ముందుగా తెరవకూడదు, తెరిస్తే ఉత్కంఠ పోతుంది. అధికారి సమక్షంలోనే తెరవాలి, తెరిచిన వెంటనే పిల్ల దిగాలి, నవ్వుతూ పైకి రావాలి. పంచాంగం చూసి శుభదినం పెట్టారు. శుక్రవారం.

ముందురోజు మాస్టారు పిచ్చయ్య ఇంటికి వెళ్ళాడు. పిచ్చయ్య ఇంటిముందు కళ్ళాపి చల్లిస్తున్నాడు. వాళ్ళమ్మ ఆదెమ్మ అరుగుమీద కూర్చుని వక్క నములుతోంది.

"పిచ్చయ్యా, పిల్లను దించమాక."

"అదేంది సారూ! టీవీవోళ్ళు వస్తన్నారంట. మీ ఇంటామె కథేగా?"

"వానలు పడ్డాయి. గింజ చెమ్మగిల్లి ఉంటుంది. లోపల గాలి ఉండదు."

"పుస్తకంలో మీరే రాస్తిరి గదా, దీపం ఆరలేదనీ, ఆయమ్మ పైకొచ్చిందనీ. కింద మీ పేరే ఉండె."

"నీకు తెలవదా? పున్నమ్మ ఎట్లా పోయిందో ఊరంతా ఎరగదా?"

పిచ్చయ్య నసిగాడు. "ఎరుగుదుం సారూ. ఎరక్కేం. అయితే గవర్నమెంటోళ్ళు అచ్చేసినాక అందులో ఏదో ఉంటది గదా అని..."

ఆదెమ్మ వక్క ఉమ్మేసింది. "నీ అచ్చుకి అగ్గెట్ట. ఆ తల్లిని ఈ ఊరికి తెచ్చినాక కడసారి నీళ్ళు పోసింది నేనురా."

"నువ్వూరుకోవే. సర్పంచి మాటిచ్చేశాడు." పిచ్చయ్య చీపురు తీసుకుని ఇంటెనక్కి పోయాడు.

శుక్రవారం. పాతర చుట్టూ షామియానా, మైకు, ప్లాస్టిక్ కుర్చీలు. వచ్చినవాళ్ళకు కొర్రల పాయసం. మల్లీశ్వరికి వాళ్ళమ్మ పెళ్ళిచీర చుట్టబెట్టారు. మన్ను తీశారు. మేళం మోగుతుండగా బండ జరిపారు. లోపల్నుంచి ముక్కిన వాసన గుప్పుమంది.

"ఆహా, వారసత్వ పరిమళం!" అన్నాడు విరూపాక్షరావు మైకులో.

మాస్టారు ఇంటినుంచి లాంతరు తెచ్చుకున్నాడు. వెలిగించి, తాడు కట్టి, ఎవరినీ అడక్కుండా లోపలికి దించాడు. లాంతరు సగం దూరం దిగిందో లేదో, వత్తి ఎర్రబడి, పొగ వదిలి, ఆరింది.

ఊరు గుసగుసలాడింది. విరూపాక్షరావు మైకు పక్కన పెట్టాడు.

"గాలికి ఆరింది."

"గొయ్యిలో గాలెక్కడిదండీ?"

"ఇంకోసారి దించండి."

దించాడు. ఆరింది.

"నూనె మంచిది కాదు." నూనె మార్చారు. ఆరింది.

విరూపాక్షరావు నలభై ఏడో పేజీ తెరిపించి అందరికీ వినపడేలా చదివించాడు. "దీపము దేదీప్యమానముగా వెలుగుచుండెను. విన్నారుగా? ఇది నిపుణుల కమిటీ ఆమోదించిన పాఠం. కాబట్టి లోపం పాఠంలో లేదు. పాతరలోనూ లేదు, అది మన వారసత్వం. లోపం దీపంలో ఉంది. పాఠానికి తగిన దీపం తెప్పించండి."

కారులోంచి బ్యాటరీ లైటు తెచ్చారు. దించారు. పాతర అడుగున అది పట్టపగల్లా వెలిగింది. గింజలు మిలమిల్లాడాయి. ముందు వరసలో చప్పట్లు మోగాయి.

"చూశారా మాస్టారూ? దీపం ఆరలేదు!"

మల్లీశ్వరి మాస్టారి దగ్గరకు జరిగింది. "సార్, అది టార్చే గదా."

"పాపా, నీకు సంభాషణ లేదు" అన్నాడు విరూపాక్షరావు. "నవ్వుతూ దిగడమే. ఊఁ, నిచ్చెన!"

నిచ్చెన దించారు. సర్పంచి పిల్ల భుజంమీద చెయ్యి వేశాడు. పిచ్చయ్య చూస్తున్నది పాతరలోని లైటును కాదు, గట్టున ఆరిపోయి పడున్న లాంతరును. మల్లీశ్వరి పెద్దవాళ్ళ మాట కాదనలేక ఒక కాలు నిచ్చెనమీద పెట్టింది.

"ఆగండి" అన్నాడు కోటిలింగం మాస్టారు. "మొదటి నియమం ఉంది."

విరూపాక్షరావు తల తిప్పాడు. గాలి గురించి చెప్తే ఆయనకు అర్థం కాలేదు. నియమం అనేసరికి అయింది.

"గాథలోని వ్యక్తిని ప్రత్యక్షంగా చూపవలెను. కల్పన పనికిరాదు. ఈ పిల్ల పున్నమ్మ కాదు. వేషం వేసి దిగితే కల్పన అవుతుంది. రేపు ఎవరైనా పైకి రాస్తే రాష్ట్రస్థాయి అధికారే నియమం తప్పినట్టు."

విరూపాక్షరావు ముఖంలో రంగులు మారాయి. నిపుణురాలివైపు చూశాడు. ఆమె ఉత్తర్వు తీసి చూసి, నిజమేనని తలూపింది.

"భేషైన మాట" అన్నాడు విరూపాక్షరావు తేరుకుని. "అసలు నాయికే దిగితే ఇంకా వాస్తవంగా ఉంటుంది. సన్మానానికి శాలువా కూడా తెచ్చాం. ఏరి పున్నమ్మగారు? పిలిపించండి."

వాచకం అచ్చయినప్పటినుంచీ ఆయన లెక్కలో పున్నమ్మ బతికే ఉంది. పాయసం తాగుతున్నవాళ్ళు గ్లాసులు దించారు. అందరూ మాస్టారివైపు చూశారు. నలభై ఏడో పేజీ అబద్ధమని ఆయన ఎక్కని గడప లేదు, రాయని కాగితం లేదు. పున్నమ్మ చచ్చిపోయిందని మైకులో చెప్పడానికి ఇంతకంటె మంచి సమయం రాదు. చెప్తే ఏమవుతుందో కూడా ఆయనకు తెలుసు. అయ్యో పాపం అంటారు, ఒక నిమిషం మౌనం పాటిస్తారు, ఆమె బదులు ఈ పిల్లే దిగాలంటారు.

మల్లీశ్వరి కాలు ఇంకా నిచ్చెనమీదే ఉంది.

"పుట్టింటికి వెళ్ళింది" అన్నాడు మాస్టారు.

"ఎప్పుడొస్తారు?"

 ఖాదర్ వలీ గారు, రాతపూర్వక ఆదేశం లేకుండా జన్మలో ఒక్క అబద్ధమాడని మనిషి, లేచి గొంతు సవరించుకున్నాడు.

"వచ్చేస్తారండీ. నిన్న నేనే బస్టాండు దాకా వెళ్ళి ఎక్కించాను."

"అవునయ్యా" అంది ఆదెమ్మ గట్టిగా. "పోయే ముందర నాకాడ కూచుని తల దువ్విచ్చుకుంది. పూలు గూడా నేనే పెట్టా. నీళ్ళు పోసి, కొత్త చీర కట్టి నేనే సాగనంపా."

అందులో అబద్ధం ఒక్క ముక్కా లేదు. ఊళ్ళో ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"మొన్న మా కొట్టుకాడ తలనూనె కొన్నది గదా!" అన్నాడు సెలూన్ మస్తాన్. అతను తలనూనె అమ్మడు. ఎవరూ పట్టించుకోలేదు.

పిచ్చయ్య వంగి కూతుర్ని రెక్క పట్టుకుని ఇవతలికి లాగాడు. నిచ్చెన పైకి తీసి నేలమీద పడేశాడు. 

"ఆయమ్మ వచ్చిందాకా నా పాతరలో ఎవుర్నీ దిగనియ్యను సార్. ఆయమ్మ కథ గదా ఇది. ఇంకోళ్ళు దిగితే బాగోదు."

"మాటిచ్చావు గదరా!" అని సర్పంచి గదిమాడు.

"అంత ముచ్చటైతే మీ బావమరిదిని దించు. ఆడు బస్సులోనే పళ్ళేదు, గోతిలో ఏం పడతాడు?"

ఊరంతా గొల్లుమంది. ముహూర్తం దాటిపోయింది. విరూపాక్షరావు అక్కడికక్కడే ఆదేశం రాయించాడు: 'కథానాయిక స్వయముగా విచ్చేయువరకు ఈ పాతరలో అన్యులెవరూ దిగరాదు.' బండ మూసి, ఇనపపట్టీ బిగించి, తాళం వేసి, సీలు కొట్టారు. పిచ్చయ్యకు లోపలి జొన్నలు పోయినట్టే. పిచ్చయ్య వాటి ఊసెత్తలేదు.

శాలువా మాస్టారికి ఇచ్చి, ఆమె రాగానే కప్పమన్నారు.

ఇప్పుడు ఎనిమిదో తరగతిలో దహనం పాఠం వచ్చినప్పుడు పిల్లలు నలభై ఏడో పేజీ గట్టిగా చదువుతారు. తర్వాత మాస్టారు తలుపులు వేయించి, ఇంటినుంచి తెచ్చిన కుండలో దీపం పెట్టి మూత వేస్తాడు. మూత తీసి చూపిస్తాడు. ఏమీ చెప్పడు. ఒకవేళ తనిఖీవాళ్ళు వస్తే అది కథలోని జొన్నసంకటి కుండ అని చెప్పమని ఖాదర్ వలీ గారు రిటైరై వెళ్ళిపోయేముందు నేర్పి వెళ్ళాడు.

పై ఆఫీసునుంచి మాస్టారికి మెమోలు వస్తూనే ఉన్నాయి. సతీమణిని ఇంతవరకు హాజరుపరచకపోవుటకు కారణం తెలుపవలెను. ఆమె పుట్టింట అధిక కాలము ఉండుట పథకమునకు భంగకరమని ఎరుగవలెను. మొదట్లో ఆయన 'వర్షాలు' అనీ, 'బస్సులు లేవు' అనీ రాసేవాడు. చివరి మెమో కొంచెం ఘాటుగా వచ్చింది: ఎప్పుడు వచ్చునో ఖచ్చితముగా తెలుపని యెడల క్రమశిక్షణ చర్య.

మాస్టారు ఆ కాగితం ముందు చాలాసేపు కూర్చున్నాడు. ఆఖరికి ఉన్న మాట రాసేశాడు: 'దించిన లాంతరు ఆరని పాతర ఒక్కటి చూపించండి. ఆ రోజే వస్తుంది.'

ఉద్యోగం ఊడినట్టే అనుకున్నాడు. జవాబు మర్యాదగానే వచ్చింది. తమ సహకారమునకు ధన్యవాదములు. అట్టి పాతరను గుర్తించుటకు డాక్టర్ విరూపాక్షరావు అధ్యక్షతన రాష్ట్రస్థాయి కమిటీ నియమింపబడినది. కమిటీ నివేదిక అందువరకు గుండ్లమోటు పాతర తాళము యథాతథముగా ఉండవలెను.

కమిటీ ఊరూరా తిరుగుతోంది. కోటిలింగం మాస్టారు రోజూ బడి వదలగానే పిచ్చయ్య ఇంటి వెనక్కి వెళ్ళి, తాళం ఒకసారి లాగి చూసి, ఇంటికి పోతాడు.